రెండు హోటళ్లు, ఒక తాళం

2019 ఆగస్టులో ఇంగ్లండ్‌లో డబ్బుల్లేక కుదేలైన బరీ ఫుట్‌బాల్ క్లబ్‌ను ఎవరో కొని నిలబెడతారన్న ఆశతో అభిమానులు చీపుర్లు, బకెట్లు పట్టుకొచ్చి గిగ్ లేన్ స్టేడియంలో కుర్చీలు తుడిచారు. ఆ రాత్రే క్లబ్‌ను లీగ్ నుంచి వెలేశారు. 1885లో పుట్టి, ఇంగ్లండ్ క్లబ్బుల పెద్ద నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్‌ను రెండుసార్లు గెలిచిన క్లబ్! తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మరి పెద్దోళ్ల సంగతి? అక్కడి అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్లకు ఒక క్లబ్ నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదని అప్పట్లో రూలు. లెక్కల్లో నష్టం తగ్గేలా చెల్సీ క్లబ్ తన రెండు హోటళ్లను 7.65 కోట్ల పౌండ్లకు తన సోదర కంపెనీకే అమ్మేసింది. ఈ జేబులోది ఆ జేబులో వేసుకోవడమేగా! దానికీ లీగ్ రూలు ఒప్పుకుంది. డబ్బు రూళ్లు తప్పిందంటూ మాంచెస్టర్ సిటీ క్లబ్‌పై లీగ్ వందకు పైగా అభియోగాలు మోపింది 2023 ఫిబ్రవరిలో, విచారణ మొదలైంది 2024 సెప్టెంబరులో. తప్పు చేయలేదని క్లబ్ అంటోంది, సరే. విచారణ మొదలవడానికే ఏడాదిన్నర ఎందుకు పట్టాలి?