మాజీ సైనికుల నిధి: ఓటేసే ముందు లెక్క అడగాలి

2003 సెప్టెంబర్ 13న అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర ఓటర్ల ముందుకు ఒకేసారి 22 రాజ్యాంగ సవరణలు వచ్చాయి. అన్నీ నెగ్గాయి. రచ్చంతా వైద్య నిర్లక్ష్యం కేసుల్లో పరిహారానికి పరిమితి పెట్టే 12వ ప్రతిపాదన మీదే జరిగింది. కానీ అప్పుడూ ఇప్పుడూ నాకు ముఖ్యంగా కనిపించేది మొదటి ప్రతిపాదన.

బాండ్లు అమ్మి సొమ్ము సేకరించడం, దాంతో మాజీ సైనికులకు భూమికీ ఇంటికీ చవక వడ్డీకి అప్పులివ్వడం అక్కడి వెటరన్స్ ల్యాండ్ బోర్డు పని. భూమి పథకం 1946 నాటిది. ఆ నిధుల్లోంచి వృద్ధ సైనికుల ఆశ్రమాలకు ఖర్చు పెట్టొచ్చని, రెవెన్యూ బాండ్ల (ఏదైనా పథకం రాబడితో తీర్చాల్సిన అప్పుపత్రాల) అసలు, వడ్డీ కూడా కట్టొచ్చని ఆ ప్రతిపాదన చెప్పింది. ఆశ్రమాల ఖర్చు న్యాయమే. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు 2003 నాటికి ఎనభై అటూఇటూ. వాళ్లకు కావాల్సింది పొలం కాదు, కనిపెట్టుకుని చూసుకునే మనిషి. బాండ్ల చెల్లింపు వేరే సంగతి. పథకం రాబడి తగ్గితే ఆ బాండ్ల భారం నిధి మీద పడుతుంది. ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపి, ఒకే ఓటు అడిగారు.

ఇది ఉత్త అనుమానం కాదు, ఈ బోర్డు చరిత్రే అలాంటిది. 1954లో క్వెరో అనే చిన్న ఊరి పత్రికలో పనిచేసే కెన్నెత్ టవరీ, ఈ బోర్డుకు అధ్యక్షుడైన భూముల కమిషనర్ బాస్కమ్ జైల్స్‌ను కలవడానికి వెళ్లాడు. అడగని ఆరోపణలకు కూడా జైల్స్ తనంతట తానే సంజాయిషీ ఇవ్వడం మొదలుపెట్టాడు. తవ్వితే బయటపడిందేమిటంటే, దళారులు భూముల ధర పెంచి ప్రభుత్వానికి అంటగట్టారు. చదువురాని నల్లజాతి, మెక్సికన్ మూలాల మాజీ సైనికుల చేత, అవి అప్పు కాగితాలని చెప్పకుండానే సంతకాలు పెట్టించారు. గవర్నర్, అటార్నీ జనరల్ ఇద్దరూ ఆ బోర్డు సభ్యులే! జైల్స్ జైలుకెళ్లాడు, టవరీకి 1955లో పత్రికారంగపు పులిట్జర్ బహుమతి వచ్చింది.

డాలస్, హ్యూస్టన్‌లలో ఓటు హక్కున్న తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. ఇలాంటి ప్రతిపాదన మళ్లీ వస్తే, సైనికుల పేరు కనబడగానే ‘అవును’ మీద గుర్తు పెట్టేయడం సహజం. కానీ అప్పులు పోగా నిధిలో మిగిలేదెంత, దాన్ని తేల్చేది ఎవరు, వాయిదాలకు తీసిన సొమ్ము తిరిగి జమ అవుతుందా? ఇవి బ్యాలెట్ చేతికొచ్చే ముందే ప్రతి ఓటరు ఇంటికీ చేరాలి. చేర్చాల్సిన బాధ్యత ఓటు అడుగుతున్న రాష్ట్రానిదే.