సవరణ: ఐరన్ మాత్ర కేన్సర్ మందు కాదు

ఫెరోప్టోసిస్ (ఇనుము సాయంతో కణం చనిపోయే ఒక తీరు) గురించిన నా ఇంతకుముందు పోస్టులో "ఒంట్లో ఇనుము పెరిగితే కేన్సర్ కణాలు చస్తాయి" అని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్రలు కేన్సర్ రోగికి వేయొచ్చా అని శ్రీకాకుళం నుంచి అడుగుతున్నారు. ఆ ఉద్దేశంతో వేయకండి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, అది రక్తహీనత కోసం. కణితి పెరగడానికీ ఇనుము కావాలి.

2012లో కొలంబియా విశ్వవిద్యాలయ బృందం ఫెరోప్టోసిస్ అనే పేరు పెట్టింది. ఆ పరిశోధనా పత్రం, తర్వాతి సమీక్షలు చెప్పేది ఇదీ: కణం పైపొరలోని కొవ్వు, ఇనుము సాయంతో ఆక్సీకరణ చెంది, పాత నూనె కనరెక్కినట్టు పాడవుతుంది. జీపీఎక్స్4 అనే ఎంజైము, కణం తయారుచేసుకునే గ్లూటథయోన్ అనే రక్షక పదార్థాన్ని వాడుకుని దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేస్తుంది. ఆ ఎంజైము ఆగితే పొర చిరిగి కణం చస్తుంది. కాబట్టి పరిశోధకులు చూస్తున్నది ఇనుము పెంచడం కాదు, ఆ ఎంజైమును అడ్డుకోవడం, లేదా గ్లూటథయోన్ తయారీకి కావలసిన సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని కణంలోకి రానివ్వకపోవడం. చిక్కేమిటంటే, జీపీఎక్స్4 మూత్రపిండాల కణాలకూ ప్రాణాధారమే.

కేన్సర్ రోగికి రక్తం తక్కువగా ఉంటే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (ఒంట్లో ఇనుము ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు) చూసి ఐరన్ ఇవ్వాలో వద్దో డాక్టరే చెబుతారు. ఇప్పటికే డాక్టరు రాసిన ఐరన్ వాడుతుంటే, ఈ పోస్టు చూసి మానేయకండి.