లాడ్జి గోడమీది ఏసీ అవుట్‌డోర్ వారికి

మహారాజశ్రీ అవుట్‌డోర్ యూనిట్ వారికి, తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గరి సందులో కాపురముంటున్న ఒక అద్దెదారు రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుదరడం లేదు. కుశలమంతా మీ లోపలి గదిలోనే ఉంది. మాకు దక్కేది మీ ఊపిరి.

మీ వ్యాపారం మాత్రం ముచ్చటగా ఉంది. అందరూ గిరాకీ కోసం ఎదురుచూస్తారు; మీరు తయారు చేసుకుంటారు. గదిలో వేడిని సందులోకి తోస్తారు. మీ కరెంటు కోసం ఎక్కడో బొగ్గు కాలుతుంది. ఆ బొగ్గుపులుసు వాయువు వందల ఏళ్ళు పైనే తిష్ఠవేసి, నేల వదిలే వేడిని ఆకాశం దాటిపోనివ్వదు. ఊరు ఇంకాస్త ఉడుకుతుంది. ఎదురింటాయన వాయిదాల మీద మీ తమ్ముణ్ణి తెచ్చి గోడకు బిగిస్తాడు.

మొన్న మెకానిక్ వచ్చి, "గ్యాస్ అయిపోయింది సామీ, నింపాల" అన్నాడు. ఎక్కడికి పోయిందయ్యా అంటే వేలు పైకి చూపించాడు. ఈ ఊళ్ళో పైకంటే కొండకే అనుకుంటాం. దర్శనానికి పోయుంటే బాగుండేది! పాత ఏసీల్లోని ఆర్-22 అనే గ్యాస్ ఒక్క కిలో గాల్లో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో నూరేళ్ళ లెక్కన దాదాపు 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమట. కొత్తవాటిలోని ఆర్-32 కాస్త బుద్ధిమంతురాలు, 675 దగ్గర ఆగింది.

అసలు గాల్లో వేడిని పట్టి ఉంచే వాయువులు బొత్తిగా లేకపోతే భూమి సగటున మైనస్ 18 డిగ్రీల్లో గడ్డకట్టేది. వాటి చలవతోనే 15 దగ్గర బతికాం. ఫ్యాక్టరీలు రాకముందు పది లక్షల పాళ్ళ గాలిలో 280 పాళ్ళు ఉన్న బొగ్గుపులుసును 420 దాటించింది మనమే. ఇప్పుడేమో మీ యాత్రికులు రిమోట్‌లో 18 నొక్కి, రగ్గు కప్పుకుని పడుకుంటారు. మైనస్ డిగ్రీలకు బటన్ లేదు కాబట్టి సరిపోయింది.

2021 నవంబరులో నడకదారి మెట్ల మీదుగా వాన ఏరై దిగినప్పుడు, స్వర్ణముఖి పొంగినప్పుడు, అదంతా మీ పనే అనను. మీరంత ఘనులు కారు. కాకపోతే ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుంది. మోసింది ఎక్కడో దించాలి కదా!

చివరగా ఒక చిన్న కోరిక. మీ కిందే కూర్చుని పూలు కట్టే అవ్వ మల్లెలు మధ్యాహ్నానికే వాడిపోతున్నాయి. ఊపిరి బిగబట్టమని అడగను. మొహం కాస్త కుడివైపుకి తిప్పుకోండి. అటు మీ ఓనరు బెడ్‌రూమ్ కిటికీ ఉంది.

ఇట్లు,
చెమటతో,
ఎదురు మేడ రెండో అంతస్తు