బరంపురం పెద్దబజారుకు పార్కింగ్ కాదు, నీడ కావాలి

ఇచ్ఛాపురంలో పెళ్లి కుదిరితే పట్టుబట్టలకు ఒడిశాలోని బరంపురమే. రాష్ట్రం మారుతుందన్న మాటే గానీ దూరం పాతిక కిలోమీటర్లు. అంచున గుడి గోపురాల్లాంటి కుంభం డిజైనుతో నేసే ఇక్కడి పట్టుచీరకు, మగవాళ్ల పట్టుపంచె జోడుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది.

మా చెల్లెలి కూతురి పెళ్లప్పుడు కారులో వెళ్లాం. పెద్దబజారు మలుపులో ముందు సరుకు దించే వ్యాను, వెనక అరటిపళ్ల తోపుడుబండి. మా బావగారు గంటసేపు స్టీరింగు వదల్లేదు, టెన్షన్‌తో టీ కూడా తాగలేదు. చీరలు మేమే ఎంచుకున్నాం. (ఆయనకి రంగు నచ్చలేదు, అది వేరే సంగతి.)

తర్వాత రెండుసార్లు రైల్లో వెళ్లి, స్టేషన్ నుంచి ఆటోలో బజారు మొదట్లో దిగి నడిచాను. కారులో వెళ్లినప్పుడు చీటీలో రాసుకున్నవే కొన్నాం. నడిచినప్పుడు అప్పడాల కట్టలు కనబడతాయి, ఊరగాయ జాడీ మూత తీస్తే వాసన పిలుస్తుంది. ‘కెతే’ (ఎంత) అని ఒడియాలో అడిగితే నా ముఖం చూసి ‘ఏటి కావాలమ్మా’ అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. గీత మారింది గానీ బేరం రెండు భాషల్లోనూ సాగుతోంది. బేరానికి ఆగిన మనిషి కావాలి, హారన్ కొట్టే బండి కాదు.

అయినా బజారు ఇరుకు అనగానే అందరి నోటా వచ్చేది పార్కింగే. ఆ స్థలం ఎక్కడిది? తోపుడుబండ్లనీ, గంపలనీ లేపితేనే వస్తుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారం చూసే పట్టణ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా ఆ వ్యాపారులే ఉండాలి. వాళ్లని అడగకుండా గీసే పార్కింగ్ గీతలు బజారు కడుపు కొట్టడమే. మరి నడవలేని ముసలివాళ్ల సంగతేంటంటారా, ఆటోలు బజారు అంచుదాకా రానివ్వాలి. సరుకు లారీలకు తెల్లవారుజామునో రాత్రో వేళ పెట్టాలి. మిగతాది చిన్న ఖర్చే: నాలుగు బెంచీలు, మంచినీళ్లు, ఆడవాళ్లు ధైర్యంగా వెళ్లగల మరుగుదొడ్డి, ఎండకు కాస్త నీడ. ఆ మరుగుదొడ్డి లేకే నేను రెండోసారి సగం కొనుగోళ్లు వదిలేసి స్టేషన్‌కి తిరిగొచ్చాను. నాతోపాటు ఎంత బేరం పోయిందో ఏ దుకాణం లెక్కలోనూ పడదు.

ఇదంతా ఊరికి తెలియనిదేం కాదు. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది. అమ్మవారు గుడి విడిచి దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. తెలుగు మూలాలున్న ‘డేరా’ అనే నేత కులంవాళ్లు ముందుండి జరిపే పండగ ఇది. సాయంత్రాలు ఘటం నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతారు, నడిచే. వేషగాళ్లు, పిల్లలు, బూరలమ్మేవాళ్లు, అందరూ రోడ్డు మీదే. గాజుల కొట్టు ముందు నిలబడ్డానికి చోటుండదు. బండి పెట్టుకోవడానికి జాగా లేదని ఆ రోజుల్లో వెనక్కి తిరిగిపోయినవాళ్లని నేనైతే చూడలేదు.