రంగస్థలం మీద మంత్రం, మంత్రం కింద రిథమ్

సింగరాయకొండ దగ్గర ఒక ఊరి తిరునాళ్లలో ఈ మధ్య ప్రహ్లాద నాటకం చూశాను. హిరణ్యకశిపుడు గదతో స్తంభాన్ని మోదగానే ఎర్రదీపాలు వెలిగి, స్పీకర్లలోంచి వేదమంత్రమైన పురుషసూక్తం మొదలైంది. దాని కింద డ్యాన్సు పాటలకు వాడే రిథమ్ ప్యాడ్ల దరువు పరుగెడుతోంది. ‘సహస్రశీర్షా పురుషః’ అనే చోట దరువుకు అందించడానికి దీర్ఘాలను కుదించేశారు. నరసింహ పాత్రధారి ఒళ్లు మరిచి నటిస్తుంటే జనం ఈలలు వేస్తున్నారు. ఆట అయ్యాక కీబోర్డు కళాకారుణ్ని అడిగితే, “సూక్తం విడిగా లేదండీ, ట్రాక్‌తో కలిసే పెన్‌డ్రైవ్‌లో వచ్చింది” అన్నాడు.

పూజలో పలికే వాక్కును కొత్త సంగీతంతో కలపడమే అపచారమని అనేవారితో నేను ఏకీభవించను. వాషింగ్టన్‌లోని కెనడీ సెంటర్ ప్రారంభోత్సవానికి, అధ్యక్షుడు కెనడీ భార్య జాక్వెలిన్ కోరిక మీద, అమెరికన్ స్వరకర్త లియొనార్డ్ బెర్న్‌స్టీన్ రచించిన ‘మాస్’ అనే సంగీత నాటకం 1971 సెప్టెంబర్ 8న ప్రదర్శితమైంది. అందులో క్యాథలిక్ పూజ లాటిన్ మాటలతో క్రమం తప్పకుండా సాగుతుంటే, వీధి మనుషులు రాక్, బ్లూస్ బాణీల్లో తమ సందేహాలతో అడ్డుపడతారు. శాంతినిమ్మని వేడే ప్రార్థన చివరికి గొడవగా పెరిగినప్పుడు, తట్టుకోలేని పూజారి పవిత్ర పాత్రను నేలకేసి కొడతాడు. అంతటి హోరూ ఒక్కసారిగా ఆగిపోతుంది. అది పూజను అవమానించడమేనని అప్పట్లో కోపగించుకున్నవారు ఉన్నారు. అయినా అక్కడ గిటారు ప్రార్థనకు అలంకారంగా రాలేదు, ప్రార్థనను నిలదీసే పాత్రగా వచ్చింది. రెండు సంగీతాలూ దేని గొంతుతో అది నిలబడ్డాయి కనుకనే వాటి మధ్య నాటకం పుట్టింది.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. వేదమంత్రంలో ఉదాత్త, అనుదాత్త, స్వరితాలనే స్వరాల ఎగుడుదిగుళ్లు అర్థంలో భాగం. ‘ఇంద్రశత్రుః’ అన్న మాటలో స్వరం తప్పినందుకు, ఇంద్రుణ్ని చంపవలసిన వృత్రుడే అతని చేతిలో చచ్చాడన్న కథను పతంజలి మహాభాష్యం ఉదాహరించింది. కీర్తన సంగతి వేరు, దాని పుట్టుకే తాళంతో. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు బాణీలకు సంస్కృత స్తుతులు కూర్చితే ఎవరి భక్తీ చెడలేదు. ఐరోపాలో పుట్టిన హార్మోనియం లేకుండా మన పౌరాణిక పద్యాన్ని ఊహించుకోగలమా? కాబట్టి కలపవచ్చా అని అడిగే ముందు, దేనితో కలుపుతున్నామో తెలుసుకోవాలి.

ఈ ప్రాంతానికి ఆ తెలివిడి కొత్త కాదు. అద్దంకిలో పుట్టి, 2023లో పద్మశ్రీ అందుకున్న కోట సచ్చిదానంద శాస్త్రి గారు సినిమా బాణీలను హరికథలోకి తెచ్చి జనాన్ని కూర్చోబెట్టారు. హరికథ అల్లికలోనే అందుకు చోటుంది: శ్లోకాన్ని శ్లోకంగా చదువుతారు, కీర్తనను కీర్తనగా పాడతారు, పిట్టకథ దగ్గర జనం పాట అందుకుంటారు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో హరికథకులు సాంబమూర్తి గారి ఇంటిని, సినిమా పాటకు గొంతైన ఆయన కుమారుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. హరికథ, సినిమా పాట, వేదం ఒకే గడపతో ముడిపడిన ఊరు మనది.

ఆ రాత్రి నాటకంలో ప్యాడ్లను తీసేయమని నేను అనను. అవి హిరణ్యకశిపుడివి కావాలి. “ఎక్కడ నీ హరి” అంటూ అతను విర్రవీగేంతసేపూ ఆ దరువు చెవులు చిల్లులు పడేలా మోగాలి. గద తగిలిన క్షణాన ఠక్కున ఆగాలి. ఆ నిశ్శబ్దంలో తెర వెనక నుంచి ఒక్క మనిషి గొంతు, ఏ వాద్యం తోడూ లేకుండా, స్వరం తప్పకుండా సూక్తం మొదలుపెట్టాలి. ప్రహ్లాదుడి పద్యానికి మళ్లీ హార్మోనియం అందుకోవచ్చు. దీనికి పెన్‌డ్రైవ్ అక్కర్లేదు. ఆ ఊరి గుడిలో రోజూ అభిషేకం వేళ పురుషసూక్తం చెప్పే అర్చకులు ఆ రాత్రి ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు.