వృత్తి: వ్యవసాయం

బెంగళూరులో మా మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు మొత్తం ఒక రైతుది. సరిహద్దు అవతల, మన సీమలో ఆయన ఎమ్మెల్యే. నియోజకవర్గం అక్కడ, కాపురం ఇక్కడ. పంట అక్కడ కోసి ఇక్కడికి తోలుకుంటాడు. మొన్న ఆయన పుట్టినరోజని గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. ‘రైతుబిడ్డ’ అని బారెడు అక్షరాలు, కింద ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాలో ఆయన, చేతిలో మడక, అదే నాగలి.

నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో వృత్తి అని ఒక గడి ఉంటుంది. ఆయన ‘వ్యవసాయం’ అని రాశాడు. రాయడా మరి? సేద్యం రాబడికి కేంద్రం ఆదాయపు పన్ను వెయ్యదు. పొలంలో వేరుశనగ ఎండినా ఆ గడి మాత్రం ప్రతి ఎన్నికకీ పండుతుంది. కర్ణాటకలోనైతే 2020లో చట్టం సవరించేదాకా రైతు కానివాడు పొలం కొనడానికే వీల్లేదు. ఎంతమందికి తాతల సేద్యం హఠాత్తుగా గుర్తొచ్చిందో!

మా వాచ్‌మన్ కదిరి వైపు మనిషి. ‘బొమ్మ ఎట్లుందన్నా?’ అని అడిగాను.

‘బాగుండాది సార్. కానీ ఎనకుండే మేడి ఇడిసిపెట్టి ముందుండే నొగ పట్టుకున్నాడు. ఆడ ఉండాల్సింది ఎద్దులు గదా.’

అప్పట్నుంచీ నాకు అదే ఆలోచన. ఫొటో తీసినవాడు, పీఏ, అచ్చేసినవాడు, కింద స్టాంపు సైజులో దండాలు పెడుతున్న పదహారు తలకాయలు... ఇంతమందిలో నాగలికి ముందేదో వెనకేదో తెలిసినవాడు ఒక్కడూ లేడా? ఉండీ ఊరుకున్నాడా? పోనీ, ఆయన నిజంగానే లాగుతున్నాడు అనుకుందాం. మరి వెనక మేడి పట్టిందెవరు? హైకమాండా, కాంట్రాక్టరా? ముల్లుగర్ర ఎవరి చేతిలో ఉంది?

రైతు ఎమ్మెల్యే కావడం వింతేం కాదు. ఇదే ఊళ్లో ఉన్న విధానసభకి రైతు సంఘం నేత పుట్టణ్ణయ్య 1994లో ఒకసారి, 2013లో మరోసారి గెలిచి వచ్చాడు. మన ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు గెలిచాడు. సైకిల్ తొక్కేవాడు, బస్సెక్కేవాడు. వాళ్లను రైతులని నమ్మించడానికి మడక అద్దెకు తేవాల్సిన పని పడలేదు.

ఈ వాచ్‌మన్‌కి నాలుగెకరాల మెట్ట ఉంది. బోరు ఎండిపోయింది, అప్పు మాత్రం ఊరుతూనే ఉంది. పొలం పాస్‌బుక్ ట్రంకుపెట్టెలో, సెక్యూరిటీ కార్డు మెడలో. అర్ధరాత్రి హారన్ కొడితే లేచి గేటు తీసేది రైతు, వెనక సీట్లో ఫోన్ చూసుకుంటూ లోపలికెళ్లేది రైతుబిడ్డ! సిగ్గుండక్కర్లేదూ? ఆ గడిలో ఆ మాట రాసేటప్పుడు చెయ్యి వణకలేదూ?

ఆదివారం సాయంత్రం గట్టి వాన పడింది. వాచ్‌మన్ గొడుగు కింద నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. ‘మే, మనకాడ దున్నేంత పదునయిందా?’

అవతల ఏం చెప్పారో గానీ, ఇంటర్‌కామ్ మోగింది. పైనుంచి రైతుబిడ్డ. బాల్కనీలో సోఫా తడుస్తోందట, మనిషిని పంపమన్నాడు.