నోరు పూసిందని కరెంటు ఆపమంటారా?

క్యాన్సర్‌కు పెట్టే కరెంటు, అంటే రేడియేషన్ చికిత్స గురించి మా తిరుపతి గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. 'కరెంటు పెట్టించుకునేవాళ్లకు నోరు పూస్తే డాక్టర్లు చెప్పని చిట్కాలు' అట. రాగిచెంబు నీళ్లు తాగాలి, నిమ్మరసంలో పటిక కలిపి పుక్కిలించాలి, పళ్లు తోమకూడదు, కారం మానకూడదు, తేనె నాకాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పుండ్లు మానేదాకా పదిహేను రోజులు కరెంటు ఆపేయాలి. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, మంచి మనసుతోనే పంపారు. అయినా కోపం ఆగడం లేదు. స్విమ్స్ ఆసుపత్రిలోనో వెల్లూరులోనో రోజూ మెషీన్ కింద పడుకుని వస్తున్నవాళ్ల ఇళ్లకు కూడా ఇది చేరుతోంది.

రాగిచెంబు సంగతి వదిలేద్దాం. ఏ చెంబుతో తాగినా సరే, నోరు ఎండకుండా ఉంటే చాలు. నిమ్మ, పటిక మాత్రం వద్దే వద్దు. పైపొర లేచిపోయిన నోట్లో పులుపు పోయమని చెప్పడానికి చేతులెలా వచ్చాయి?

ఇక ఆ పదిహేను రోజుల మాట. నోటి, గొంతు క్యాన్సర్లకు సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున 6, 7 వారాలు కరెంటు పెడతారు. నోటి లోపలి పొరలో కణాలు త్వరత్వరగా రాలి కొత్తవి పుడుతుంటాయి, అందుకే దెబ్బ వాటికి ముందు తగులుతుంది. రెండు, మూడో వారంలో మంట మొదలై చివరి వారాల్లో ముదురుతుంది. మరోపక్క నాలుగో వారం దాటాక, మిగిలిన క్యాన్సర్ కణాలు ముందుకన్నా వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అంటే ఆపేయాలని ప్రాణం కొట్టుకునే రోజులే అసలు ఆపకూడని రోజులు. మొత్తం చికిత్స అనుకున్నదానికన్నా ఒక్క రోజు ఎక్కువ సాగితే, జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం తగ్గుతుందని లెక్క. పదిహేను రోజులంటే ఎంతో మీరే చూసుకోండి. 'ఆపితే నోరు మానుతుంది కదా' అంటారు. మానుతుంది. క్యాన్సర్ గడ్డ కూడా మళ్లీ పుంజుకుంటుంది. నిజంగా ఆపాల్సిన పరిస్థితి వస్తే ఆ నిర్ణయం డాక్టరుది. పోయిన రోజులను ఎలా పూడ్చాలో కూడా వాళ్లే చూస్తారు. ఈ మెసేజ్ రాసినాయన పూడుస్తాడా?

నొప్పి భరించలేకపోతే చేయాల్సింది వేరే ఉంది. తినడానికి అరగంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చు, పుక్కిలించడానికి బెంజిడమిన్ అనే మందు రాయించుకోవచ్చు. కొన్ని ఆసుపత్రుల్లో తక్కువ శక్తి లేజర్ కూడా ఉంది, అడగండి. నోట్లో తెల్లటి పూత కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు.

పళ్లు తోమకపోతే పుండ్లలో ఇన్‌ఫెక్షన్ చేరుతుంది. మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా తోమాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీస్పూను వంటసోడా, అర టీస్పూను ఉప్పు కలిపి రోజుకు ఐదారు సార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. పళ్ల డాక్టరుకు కరెంటు మొదలుకాకముందే చూపించుకోవాలి. తర్వాత పన్ను పీకిస్తే దవడ ఎముక మానక ఇబ్బంది కావచ్చు.

కారం మన చిత్తూరు వాళ్లకు ప్రాణమే. కానీ ఈ రెండు నెలలు ఊరగాయ పక్కనపెట్టండి. చల్లటి రాగి అంబలి, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఏది దిగితే అది కొంచెం కొంచెంగా పెట్టండి. మనిషి మరీ చిక్కిపోతే కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ముఖానికి చేసిన మాస్క్ వదులై, మళ్లీ కొలతలు తీయాల్సి వస్తుంది. అసలు మింగుడు పడకపోతే ముక్కు గొట్టానికి భయపడకండి, అది కొన్నాళ్లకే.

తేనె ఒక్కటీ ఆ మెసేజ్‌లో నిజం. తల, మెడ భాగాలకు కరెంటు పెట్టించుకునేవాళ్లలో తేనె నోటి పూతను తగ్గించవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాల్లో కూడా ఉంది. నోట్లో కాసేపు తిప్పి మింగడమే. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. లాలాజలం తగ్గిన నోట్లో తీపి నిలిచిపోతే పళ్లు పుచ్చిపోతాయి కాబట్టి, కాసేపయ్యాక ఆ వంటసోడా నీళ్లతో నోరు కడుక్కోవాలి.